గే తండ్రులు: కుటుంబం, పెంపకం, చట్టం

సాటి పురుషుణ్ణి ప్రేమించే పురుషుడు కన్నబిడ్డకో, దత్తబిడ్డకో, పెంపుడు బిడ్డకో తండ్రిగా ఉంటే అతన్ని గే తండ్రి అంటారు. ఒంటరిగా పిల్లల్ని పెంచేవారు, మరో పురుషుడితో కాపురం చేస్తూ పెంచేవారు, స్త్రీని పెళ్లాడి పిల్లల్ని కన్న తర్వాత విడిపోయినవారు, విడిపోకుండా తమ సంగతి లోలోపలే దాచుకుని బతుకుతున్నవారు అందరూ ఈ కోవలోకే వస్తారు. దాచుకుని బతికిన తండ్రులు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. తామెవరో దాచకుండా పిల్లల్ని పెంచే కుటుంబాలు 1970ల నుంచి అమెరికాలోను, పశ్చిమ ఐరోపాలోను కనబడసాగాయి. నెదర్లాండ్స్‌లో 2001 ఏప్రిల్ 1న స్వలింగ వివాహంతోపాటు జంటగా దత్తత తీసుకునే హక్కు కూడా అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత అనేక దేశాలు అదే దారి పట్టాయి.

ఈ కుటుంబాల మీద నాలుగు దశాబ్దాలకు పైగా పరిశోధనలు జరిగాయి, వ్యాజ్యాలు నడిచాయి. వాటన్నిటి సారం ఇది: ఈ ఇళ్లలో పిల్లలు మిగతా ఇళ్లలోలాగే ఎదుగుతున్నారు. వారికి ఎదురయ్యే కష్టం చాలావరకు ఇంటి బయటిది. పెంచే చేతుల్ని చట్టం తండ్రి చేతులుగా గుర్తించనప్పుడు నష్టపోయేది ముందుగా బిడ్డే.

చరిత్ర

ఆధునిక చరిత్రలో అందరికీ తెలిసిన గే తండ్రి రచయిత ఆస్కార్ వైల్డ్. 1884లో కాన్‌స్టన్స్ లాయిడ్‌ను పెళ్లాడాడు. సిరిల్, వివియన్ అనే ఇద్దరు కొడుకులు పుట్టారు. పురుషులతో సంబంధాల నేరం మీద 1895లో అతనికి రెండేళ్ల కఠిన కారాగార శిక్ష పడింది. తల్లి పిల్లల్ని తీసుకుని దేశం విడిచి, వారి ఇంటిపేరును హాలండ్‌గా మార్చుకుంది. జైలులో ఉండగానే వైల్డ్‌కు పిల్లల మీద హక్కు పోయింది. 1900లో పారిస్‌లో చనిపోయేదాకా అతను వారిని మళ్లీ చూడలేదు. చిన్నకొడుకు వివియన్ 1954లో అచ్చయిన ఆత్మకథలో ఆ బాల్యాన్ని రాసుకున్నాడు. తండ్రికి పడిన శిక్ష పిల్లల పేర్ల మీదికి కూడా పాకిన ఉదంతం ఇది.

1970ల్లో అమెరికాలో గే ఉద్యమం వీధిలోకి వచ్చాక, పెళ్లయిన పురుషులు కొందరు భార్యలకు నిజం చెప్పి విడిపోవడం మొదలుపెట్టారు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న తగాదాలు కోర్టులకెక్కాయి. న్యూజెర్సీలో 1974 నాటి ఒక తీర్పు, ఉద్యమ నాయకుడు బ్రూస్ వోలర్ తన ముగ్గురు పిల్లల్ని చూడవచ్చునంటూనే, ఆ సమయంలో అతని సహచరుడు దగ్గర ఉండకూడదని, పిల్లల్ని ఉద్యమ కార్యక్రమాలకు తీసుకెళ్లకూడదని షరతులు పెట్టింది. వర్జీనియా సుప్రీంకోర్టు 1985లో ఒక తండ్రి మరో పురుషుడితో కలిసి ఉంటున్నాడన్న కారణంతో కూతురి సంరక్షణ హక్కు తీసేసింది. ఐరోపాలో ఈ ధోరణికి అడ్డుకట్ట వేసింది 1999 డిసెంబర్ 21న వచ్చిన తీర్పు. పోర్చుగల్‌లో కూతురి సంరక్షణ కోల్పోయిన ఒక గే తండ్రి ఐరోపా మానవ హక్కుల కోర్టుకు వెళ్లాడు. తండ్రి లైంగికతను సాకుగా చూపి బిడ్డను దూరం చేయడం వివక్షేనని కోర్టు తేల్చింది.

ఇలాంటి తండ్రులు ఒకరికొకరు తోడుగా 1979లో అమెరికాలో గే ఫాదర్స్ కొయలిషన్ ఏర్పరచుకున్నారు. అదే పెరిగి పెద్దదై ఇప్పటి ఫ్యామిలీ ఈక్వాలిటీ సంస్థ అయింది. స్వలింగ తల్లిదండ్రుల పిల్లలు తమకోసం తామే నడుపుకునే కోలేజ్ అనే సంస్థ 1990లో మొదలైంది.

1980ల్లో ఎయిడ్స్ విజృంభించినప్పుడు ఈ చరిత్ర ఒక మలుపు తిరిగింది. హెచ్‌ఐవీతో పుట్టి, తల్లిదండ్రులు లేక, ఎవరూ తీసుకెళ్లక ఆసుపత్రుల్లో మిగిలిపోయిన పసిపిల్లలకు ఇళ్లు కావలసి వచ్చాయి. ఫ్లోరిడాలో పిల్లల నర్సులుగా పనిచేసే స్టీవెన్ లాఫ్టన్, రోజర్ క్రోటో అనే జంట అలాంటి పిల్లల్ని ఇంటికి తెచ్చుకుని పెంచారు. అప్పట్లో ఆ రాష్ట్రంలో గే వ్యక్తులు తాత్కాలిక పెంపకానికి (ఫోస్టర్ కేర్) పిల్లల్ని తీసుకోవచ్చు గానీ దత్తత తీసుకోకూడదు. 1977లో తెచ్చిన చట్టం అది. రోగంతో ఉన్న బిడ్డను రాత్రింబవళ్లు సాకడానికి పనికొచ్చిన మనిషి, ఆ బిడ్డకు తండ్రి అనిపించుకోవడానికి పనికిరాలేదు. లాఫ్టన్ వేసిన దావాను 2004లో ఫెడరల్ అప్పీల్ కోర్టు కొట్టేసింది. అదే ఏడాది ఫ్రాంక్ మార్టిన్ గిల్ అనే మరో ఫ్లోరిడా వాసి ఇంటికి, సరైన ఆలనాపాలనా లేక చిక్కిపోయిన ఇద్దరు అన్నదమ్ములు పెంపకానికి వచ్చారు. అతని దత్తత అర్జీని 2008లో న్యాయమూర్తి సిండీ లెడర్‌మన్ ఆమోదించారు. 2010 సెప్టెంబర్ 22న రాష్ట్ర అప్పీల్ కోర్టు ఆ తీర్పును ఖాయం చేయడంతో 33 ఏళ్ల నిషేధం ముగిసింది.

తండ్రులయ్యే దారులు

మొదటి దారి పూర్వపు వివాహం. సంఖ్యలో ఇప్పటికీ ఇదే పెద్దది. 2019లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం అమెరికాలోని 47 రాష్ట్రాల నుంచి 732 మంది గే తండ్రులను ప్రశ్నించింది. వారిలో 39 శాతం మందికి స్త్రీతో ఉన్న సంబంధం ద్వారా, 35 శాతం మందికి దత్తత లేదా పెంపకం ద్వారా, 14 శాతం మందికి అద్దె గర్భం ద్వారా పిల్లలు కలిగారు.

రెండో దారి దత్తత. న్యూజెర్సీలో జాన్, మైకేల్ గలూచియో జంట పోరాటంతో 1997 డిసెంబర్‌లో పెళ్లయిన జంటలతో సమానంగా గే జంటలు ఒకేసారి ఉమ్మడిగా దత్తత తీసుకునే వీలు కలిగింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2002 చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 30 నుంచి ఆ హక్కు వచ్చింది. దత్తతకు ముందు సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి ఆదాయం, ఆరోగ్యం, బంధువుల ఆసరా, పెంపకంపై ఆలోచనలు అన్నీ నెలల తరబడి విచారిస్తారు. కాస్త వయసొచ్చిన పిల్లలను, విడదీయకూడని తోబుట్టువులను, అవయవ లోపమో దీర్ఘవ్యాధో ఉన్న పిల్లలను తీసుకోవడానికి ముందుకొచ్చే వారిలో స్వలింగ జంటలు గణనీయంగా ఉన్నాయి. అమెరికాలో 2014–16 నాటి జనాభా సర్వేల ప్రకారం, పిల్లల్ని పెంచుతున్న స్వలింగ జంటల్లో 21.4 శాతం ఇళ్లలో దత్తపిల్లలు ఉన్నారు. స్త్రీపురుష జంటల్లో ఆ సంఖ్య 3 శాతం. పిల్లలున్న స్వలింగ జంటలు అప్పటికి సుమారు 1,14,000. స్త్రీల జంటల్లో 24 శాతం మందికి పిల్లలుంటే, పురుషుల జంటల్లో 8 శాతం మందికే ఉన్నారు.

మూడోది అద్దె గర్భం, అంటే సరోగసీ. ఒక స్త్రీ అండం ఇస్తుంది. దాన్ని తండ్రి వీర్యంతో ప్రయోగశాలలో ఫలదీకరించి, ఏర్పడిన పిండాన్ని మరో స్త్రీ గర్భంలో ప్రవేశపెడతారు. మోసే తల్లికి బిడ్డతో జన్యు సంబంధం ఉండకుండా చూడటం ఇప్పుడు వాడుకైంది. కాలిఫోర్నియాలో 1993లో జాన్సన్, కాల్వర్ట్ వ్యాజ్యంలో వచ్చిన తీర్పు, బిడ్డను కనాలన్న సంకల్పం ఎవరిదో వారే తల్లిదండ్రులన్న సూత్రాన్ని నిలబెట్టింది. అందుకే ఆ రాష్ట్రం ఈ విధానానికి కేంద్రమైంది. ఖర్చు లక్ష డాలర్లు దాటుతుంది కాబట్టి ఇది బాగా ఉన్నవారికే అందే దారి. పేద స్త్రీ అవసరం మీద సాగే వ్యాపారంగా దిగజారుతుందన్న విమర్శ న్యాయమైనదే. మోసే స్త్రీ సమ్మతి, ఆరోగ్య బీమా, సొంత న్యాయవాది, గర్భం మీద నిర్ణయాధికారం ఆమెకే ఉండటం వంటి రక్షణలు లేనిచోట ఈ దారిని సమర్థించడం కష్టం.

నాలుగోది స్నేహితురాలితో కలిసి కనడం. గే పురుషుడు, ఒంటరి స్త్రీ లేదా స్త్రీల జంట కలిసి బిడ్డను కని, రెండిళ్ల మధ్య పంచుకుని పెంచుతారు. బిడ్డకు ముగ్గురో నలుగురో పెద్దలు ఉండే ఈ ఇళ్లలో ఎవరి బాధ్యత ఎంతన్నది పుట్టకముందే కాగితం మీద రాసుకోవడం పరిపాటి.

నిత్యజీవితం

గే తండ్రి దినచర్యలో ఎక్కువ భాగం ఏ తండ్రికైనా, ఏ తల్లికైనా ఉండేదే. తెల్లవారుజామున పాలు కలపడం, టీకా తేదీలు గుర్తుంచుకోవడం, బడి సంచి సర్దడం, అన్నం తినననే బిడ్డను బుజ్జగించడం, జ్వరం వచ్చిన రాత్రి నుదుటి మీద తడిగుడ్డ మార్చుతూ కూర్చోవడం. తల్లి చేస్తుందని లోకం ముందే అనుకునే పనులు ఇక్కడ ఎవరో ఒకరు పూనుకుంటేనే జరుగుతాయి. ఎవరు ఏది చేయాలన్నది మాట్లాడుకుని తేల్చుకోవాలి. పిల్లల్ని దత్తత తీసుకున్న 35 గే జంటలను అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఆబీ గోల్డ్‌బర్గ్ అధ్యయనం చేసి 2012లో పుస్తకంగా ప్రచురించారు. ఉద్యోగంలో వెనక్కి తగ్గడం, బిడ్డ కోసం ఇంటిపట్టున ఉండటం, అందులోని సంతోషం, నామోషీ, అలసట అందులో వివరంగా ఉన్నాయి. స్వలింగ జంటలు ఇంటిపనిని, బిడ్డ పనిని స్త్రీపురుష జంటల కంటే సమంగా పంచుకుంటారని పలు అధ్యయనాలు చూపాయి.

పిలుపు మొదటి నిర్ణయం. ఇద్దరూ నాన్నలే అయినప్పుడు బిడ్డ ఎవరిని ఏమని పిలవాలి? ఒకరిని డాడీ, మరొకరిని పాపా అనడం ఇంగ్లిష్ ఇళ్లలో మామూలు. రెండు భాషలున్న ఇళ్లలో ఒక్కో భాష నుంచి ఒక్కో పిలుపు తీసుకుంటారు. ఇంటిపేరు ఎవరిదన్నది రెండో నిర్ణయం. అద్దె గర్భం ద్వారా బిడ్డ పుట్టిన ఇళ్లలో, వీర్యం ఎవరిదన్న ప్రశ్నకు బయటివారికి జవాబు చెప్పకూడదని చాలామంది జంటగా ముందే అనుకుంటారు. ఒకరు అసలు తండ్రి, ఇంకొకరు ఉత్త తోడు అన్న లెక్క ఊళ్లో పాకితే అది బిడ్డ చెవిన కూడా పడుతుంది గనుక.

బయటికి వెళ్తే ప్రశ్నలు ఎదురవుతాయి. రైల్లో, ఆసుపత్రిలో, పార్కులో చంటిబిడ్డతో కనబడిన పురుషుణ్ణి మొదట అడిగేది ‘వాళ్లమ్మ ఏది?’ అనే. అడిగేవారికి చాలాసార్లు దురుద్దేశం ఉండదు. అయినా బిడ్డకు మాటలు వచ్చాక, నలుగురిలో తండ్రి ఇచ్చే జవాబును బిడ్డ వింటుంది. జవాబు తడబడితే తన ఇంట్లో దాచవలసినదేదో ఉందని నేర్చుకుంటుంది. నిబ్బరంగా చెబితే నిబ్బరమే నేర్చుకుంటుంది. అందుకే అనుభవం ఉన్న తండ్రులు చిన్న జవాబును ముందే సిద్ధం చేసుకుంటారు: ‘మా ఇంట్లో ఇద్దరు నాన్నలం.’ పురుషుల మరుగుదొడ్లలో బిడ్డకు గుడ్డ మార్చే బల్ల లేకపోవడం మరో ఇబ్బంది. అమెరికాలో 2016లో వచ్చిన చట్టం, ప్రజలు వచ్చే ఫెడరల్ భవనాల్లో ఆడ, మగ రెండు వైపులా ఆ బల్లలుండాలని ఆదేశించింది. అది ఒంటరి తండ్రులందరికీ పనికొచ్చింది.

బడిలో చేర్చే దరఖాస్తులో తల్లి పేరు, తండ్రి పేరు అని రెండు గళ్లుంటాయి. మాతృ దినోత్సవానికి పిల్లల చేత కార్డులు చేయిస్తారు. వంశవృక్షం గీయమంటారు. విద్యాసంవత్సరం మొదట్లోనే ఉపాధ్యాయురాలిని కలిసి ఇంటి సంగతి చెప్పడం, అమ్మమ్మకో నాయనమ్మకో అత్తకో ఆ కార్డు ఇచ్చేలా మాట్లాడుకోవడం గే తండ్రులు ఒకరికొకరు చెప్పుకునే మొదటి సలహా. కూతుళ్ల తండ్రులకు జడ వేయడం నేర్చుకోవడం నుంచి రజస్వల అయ్యే వయసుకు ముందే శరీరం గురించి విడమరచి చెప్పడం వరకు మరికొన్ని బాధ్యతలున్నాయి. తండ్రి తానే చెబుతూ, నమ్మకమైన పినతల్లినో మేనత్తనో తోడు తెచ్చుకుంటాడు.

బిడ్డ పుట్టుక కథను చిన్ననాడే, బిడ్డకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలని దత్తత నిపుణులు అంటారు. మోసిన తల్లి ఫోటో, కన్నతల్లి ఊరు, పెంచిన ఆశ్రమం పేరు వంటివి ఒక పుస్తకంలో అంటించి ఉంచే ఇళ్లున్నాయి. బిడ్డ ఎప్పుడు అడిగితే అప్పుడు ఆ పుస్తకం తెరుస్తారు.

పుట్టింటితో తెగిన బంధాలు బిడ్డ రాకతో అతకడం కూడా పరిశోధకుల దృష్టికి వచ్చింది. అద్దె గర్భం ద్వారా తండ్రులైన 40 మంది గే పురుషులపై 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో చాలామంది తమ తల్లిదండ్రులకు, తోబుట్టువులకు దగ్గరయ్యామన్నారు. కొడుకు కాపురాన్ని ఒప్పుకోని తాతయ్యలు, నాయనమ్మలు మనవరాలిని ఎత్తుకోవడానికి గడప తొక్కారు.

పరిశోధనలు చెప్పేది

గే తండ్రుల మీద తొలి అధ్యయనాలను 1979లో బ్రయన్ మిల్లర్, 1981లో ఫ్రెడరిక్ బోజెట్ ప్రచురించారు. విడాకులు తీసుకున్న తండ్రులను కలిసి, తండ్రితనం, గే అస్తిత్వం రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో వారు పరిశీలించారు. దాచుకుని బతికినప్పటి కంటే నిజం చెప్పుకున్నాక ఆ తండ్రులు పిల్లలకు ఎక్కువ సమయం, ఎక్కువ మనసు ఇవ్వగలిగారని మిల్లర్ గమనించాడు.

తండ్రి గే అయితే కొడుకులూ అలాగే అవుతారన్న భయం కోర్టుల్లో తరచూ వినబడేది. 1995లో పరిశోధకుడు బెయిలీ, ఆయన సహపరిశోధకులు గే, ద్విలైంగిక తండ్రుల 82 మంది వయసొచ్చిన కొడుకులను పరిశీలించారు. లైంగికత తెలుసుకోగలిగిన వారిలో 90 శాతానికి పైగా స్త్రీలను ఇష్టపడేవారే. తండ్రితో గడిపిన కాలానికి, కొడుకు లైంగికతకు సంబంధం కనబడలేదు.

దత్తపిల్లల మీద 2010లో ఫార్, ఫోర్సెల్, ప్యాటర్సన్ 106 కుటుంబాలతో చేసిన అధ్యయనంలో పిల్లల ప్రవర్తన, ఎదుగుదల తల్లిదండ్రుల లైంగికతను బట్టి మారలేదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో సుసాన్ గోలంబోక్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనం బ్రిటన్‌లో దత్తత తీసుకున్న 41 గే తండ్రుల కుటుంబాలను, 40 స్త్రీల జంటలను, 49 స్త్రీపురుష జంటలను పోల్చింది. గే తండ్రుల్లో కుంగుబాటు, పెంపకం వల్ల కలిగే ఒత్తిడి తక్కువగా, బిడ్డతో ఆప్యాయత, స్పందన ఎక్కువగా కనబడ్డాయి. ఎన్నో అడ్డంకులు దాటి, కోరి కోరి తండ్రులైనవారు కావడం దీనికి ఒక కారణమని పరిశోధకుల భావన.

ఇజ్రాయెల్‌లో రూత్ ఫెల్డ్‌మన్ బృందం 2014లో చేసిన పరిశోధన మరీ లోతుకు వెళ్లింది. తొలిసారి బిడ్డను పొందిన 89 మంది తల్లిదండ్రుల మెదళ్లను స్కాన్ చేసింది. వారిలో 48 మంది తల్లి లేకుండా బిడ్డను సాకుతున్న గే తండ్రులు. బిడ్డను ముఖ్యంగా సాకే తల్లుల్లో భావోద్వేగాలకు సంబంధించిన మెదడు భాగం ఎంత చురుగ్గా ఉందో, ఈ తండ్రుల్లోనూ అంతే చురుగ్గా ఉంది. సామాజిక అవగాహనకు చెందిన భాగంతో దాని అనుసంధానం, బిడ్డతో స్వయంగా గడిపే సమయం పెరిగే కొద్దీ బలపడింది. తల్లి మనసు అని మనం పిలిచేది పురుషుడిలో కూడా సాకగా సాకగా తయారవుతుందని దీని తాత్పర్యం.

ఈ పరిశోధనలకు పరిమితులున్నాయి. నమూనాలు చిన్నవి. పాల్గొన్నవారిలో చదువుకున్న, ఆర్థికంగా స్థిరపడ్డ పాశ్చాత్యులే ఎక్కువ. దత్తత తండ్రులు ముందే వడపోతలో నెగ్గినవారు. 2012లో పరిశోధకుడు మార్క్ రెగ్నెరస్ భిన్నమైన ఫలితాలు ప్రకటించాడు. తల్లి గానీ తండ్రి గానీ ఎప్పుడైనా స్వలింగ సంబంధంలో ఉన్నట్టు చెప్పిన పిల్లలందరినీ, ఆ జంట చేతుల్లో పెరిగినా పెరగకపోయినా, అతను ఒకే గంపకింద లెక్కేశాడు. విడాకులతో చెదిరిన కుటుంబాలను చెదరని కుటుంబాలతో పోల్చాడు. ఆ పద్ధతిని అమెరికా సామాజిక శాస్త్రవేత్తల సంఘం తప్పుపట్టింది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2002లో రెండో తల్లిని, తండ్రిని చట్టబద్ధం చేసే దత్తతను, 2013లో స్వలింగ వివాహాన్ని సమర్థించింది. రెండుసార్లూ ఆ సంస్థ చూపిన కారణం పిల్లల క్షేమమే.

బయటి నుంచి వచ్చే గాయాలు మాత్రం నిజం. 2019 నాటి అధ్యయనంలోని 732 మందిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది, గే తండ్రి అయినందుకు వివక్ష ఎదుర్కొన్నామన్నారు. మతపరమైన చోట్ల అది అన్నిటికంటే ఎక్కువ. దత్తతకు అడ్డంకులు ఎదురైనవారు 41 శాతం. సమాన హక్కుల చట్టాలు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఈ బాధ తక్కువగా కనబడింది.

సాహిత్యం, సినిమా

విడాకుల తర్వాత తండ్రి, అతని సహచరుడు ఉన్న ఇంటికి వెళ్లే పిల్లవాడి కథగా మైకేల్ విల్హాయిట్ 1990లో డాడీస్ రూమ్మేట్ అనే బొమ్మల పుస్తకం తెచ్చాడు. ఆ దశాబ్దంలో అమెరికా గ్రంథాలయాల నుంచి తీసేయమని ఎక్కువగా ఫిర్యాదులొచ్చిన పుస్తకాల్లో అదొకటి. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ జంతుప్రదర్శనశాలలో రెండు మగ పెంగ్విన్లు గుడ్డును పొదిగి పిల్లను పెంచిన నిజ ఘటన 2005లో పిల్లల పుస్తకంగా వచ్చింది. దాచుకుని బతికిన తండ్రి నీడను కూతురి కళ్లతో చూపిన రచన ఆలిసన్ బెక్డెల్ ఫన్ హోమ్. అది 2006లో వచ్చింది. మన పొరుగున, జియో బేబీ దర్శకత్వంలో 2023లో వచ్చిన మలయాళ చిత్రం కాదల్‌లో మమ్ముట్టి పోషించిన మాథ్యూ, భార్య, కూతురు ఉన్న ఊరి పెద్దమనిషి. జ్యోతిక పోషించిన ఓమన విడాకులు కోరడంతో అతని రహస్యం బయటపడుతుంది. నిశ్శబ్దం తండ్రిని ఎంత నలిపిందో భార్యను అంతే నలిపిందని ఆ సినిమా నిజాయితీగా చెబుతుంది.

ఇతర దేశాల చట్టం

అమెరికా సుప్రీంకోర్టు 2015 జూన్ 26న స్వలింగ వివాహాన్ని దేశమంతటా చట్టబద్ధం చేసింది. మరుసటి ఏడాది మిసిసిపీలో మిగిలిన దత్తత నిషేధం కూడా కోర్టులో కూలింది. బ్రిటన్‌లో 2010 నుంచి స్వలింగ జంటలు అద్దె గర్భం ద్వారా పుట్టిన బిడ్డకు తల్లిదండ్రులుగా కోర్టు ఉత్తర్వు పొందవచ్చు. ఆసియాలో తైవాన్ 2019లో పెళ్లిని ఒప్పుకుంది గానీ, భాగస్వామికి రక్తసంబంధం ఉన్న బిడ్డను మాత్రమే దత్తత తీసుకోనిచ్చింది. ఆ అడ్డు 2023లో తొలగింది. థాయిలాండ్‌లో 2025 జనవరి 23 నుంచి వివాహంతోపాటు దత్తత హక్కు వచ్చింది. ఎదురుగాలి కూడా ఉంది: ఇటలీ 2024లో తన పౌరులు విదేశాల్లో అద్దె గర్భాన్ని ఆశ్రయించినా నేరమేనని చట్టం చేసింది.

భారతదేశం

2002 నుంచి వాణిజ్య సరోగసీకి అనుమతి ఉండటంతో భారతదేశం కొంతకాలం విదేశీ గే జంటలకు గమ్యంగా ఉండేది. 2008లో ఇజ్రాయెల్‌కు చెందిన ఒక జంటకు ముంబయిలో బిడ్డ పుట్టడం వార్తలకెక్కింది. 2010లో మరో ఇజ్రాయెలీ తండ్రి, తన దేశంలోని కోర్టు పితృత్వ పరీక్షకు ఒప్పుకోక, కవల పసికందులతో నెలల తరబడి ముంబయిలో చిక్కుకుపోయాడు. 2012లో హోంశాఖ, విదేశీయుల్లో పెళ్లయి రెండేళ్లు దాటిన స్త్రీపురుష జంటలకే సరోగసీ కోసం వీసా అన్న నిబంధన తెచ్చింది. దాంతో ఈ వ్యాపారం నేపాల్‌కు మారింది. భారతీయ స్త్రీలనే అక్కడికి తరలించారు. 2015 ఏప్రిల్ భూకంపంలో ఇజ్రాయెల్ పసికందులను విమానాల్లో తీసుకెళ్లగా మోసిన తల్లులు అక్కడే మిగిలిపోవడం లోకం కళ్లబడింది. ఆ ఏడే నేపాల్ కూడా తలుపు మూసింది. 2021లో భారత పార్లమెంటు ఆమోదించిన సరోగసీ చట్టం వాణిజ్య పద్ధతిని నిషేధించి, పెళ్లయిన జంటలకు, 35–45 ఏళ్ల వితంతువులకు, విడాకులు పొందిన స్త్రీలకు మాత్రమే అవకాశం ఇచ్చింది. ఒంటరి పురుషుడికి ఆ దారి లేదు.

దత్తతలో రెండు చట్టాలున్నాయి. బాలల న్యాయ చట్టం 2015 కింద ఒంటరి పురుషుడు మగబిడ్డను దత్తత తీసుకోవచ్చు, ఆడపిల్లను తీసుకోకూడదు. జంట అయితే కనీసం రెండేళ్ల స్థిరమైన వివాహ జీవితం ఉండాలని కేంద్ర దత్తత సంస్థ కారా 2022 నిబంధనలు చెబుతున్నాయి. పెళ్లి లేకుండా భాగస్వామితో కలిసి ఉంటున్నవారు ఒంటరివారిగా కూడా అర్జీ పెట్టరాదని అదే ఏడాది ఒక సర్క్యులర్ వచ్చింది. ఇక 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద ఒంటరి హిందూ పురుషుడు ఆడపిల్లను కూడా దత్తత తీసుకోవచ్చు. ఇద్దరి మధ్య 21 ఏళ్ల తేడా ఉండాలి, బిడ్డను కన్నవారు లేదా చట్టబద్ధ సంరక్షకులు స్వయంగా ఇవ్వాలి. ఏ చట్టంలోనైనా తండ్రి ఒక్కడే. రెండో పురుషుడు ఎన్నేళ్లు సాకినా కాగితం మీద పరాయివాడే.

ఈ లోటును సుప్రీంకోర్టు ముందుంచినవారిలో తెలుగు నేల మీద ఉంటున్న జంట ఉంది. హైదరాబాద్‌లో నివసించే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబర్‌లో బంధుమిత్రుల నడుమ ఒక్కటయ్యారు. మరుసటి ఏడాది కోర్టుకెక్కారు. వారి పేరుతోనే పిలిచే వ్యాజ్యంలో 2023 అక్టోబర్ 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పెళ్లి హక్కును ఇవ్వడం చట్టసభల పని అంది. దత్తతపై ధర్మాసనం చీలింది. పెళ్లికాని జంటలను మినహాయించే కారా నిబంధన చెల్లదని ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ అన్నారు. జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ నరసింహ ఒప్పుకోలేదు. 3–2 తేడాతో నిబంధన నిలిచింది. పునఃపరిశీలన పిటిషన్లను 2025 జనవరిలో కోర్టు తోసిపుచ్చింది. కలిసి ఉండే స్వలింగ జంటలను రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా చూడవచ్చని, ఉమ్మడి బ్యాంకు ఖాతాకు అడ్డులేదని 2024లో కేంద్రం స్పష్టం చేసింది. పిల్లల విషయంలో అలాంటి వెసులుబాటు రాలేదు.

ఉన్న చట్టంలోనే కొన్ని ఆధారాలు దొరుకుతాయి. ఒంటరి పురుష కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 2018 నుంచి శిశు సంరక్షణ సెలవు ఉంది. మొత్తం ఉద్యోగ కాలంలో 730 రోజులు. పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు చాలని 2016 డిసెంబర్‌లో విదేశాంగ శాఖ ప్రకటించింది. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం కింద తండ్రి తన తదనంతరం బిడ్డకు సంరక్షకుణ్ణి విల్లు ద్వారా నియమించవచ్చు. సహచరుడి పేరు అక్కడ రాయవచ్చు. సహచరుడి ఆస్తి బిడ్డకు వారసత్వంగా రాదు గనుక అతను కూడా విల్లు రాయాలి. ఆసుపత్రిలో, బడిలో సహచరుడు సంతకం చేసేందుకు రాతపూర్వక అధికారపత్రం ఉంచుకోవాలి. బారసాల, అన్నప్రాశన, పుట్టువెంట్రుకలు, అక్షరాభ్యాసం వంటి తెలుగింటి వేడుకల్లో తల్లికి, మేనమామకు ఉన్న పీటలు తండ్రి అక్కచెల్లెళ్లో స్నేహితులో ఆక్రమించుకోవచ్చు. వేడుకలకు చట్టం అడ్డం లేదు. చట్టం అడ్డున్నచోట విల్లులు, అధికారపత్రాలు తాత్కాలిక ఆసరాలే. ఒక తండ్రి మరణిస్తే, బిడ్డ తన రెండో నాన్న దగ్గర ఉండగలదా అన్నది బంధువుల దయ మీద ఆధారపడకూడదు. దత్తత నిబంధనలో ‘వివాహ సంబంధం’ అన్న షరతు స్థానంలో బిడ్డ క్షేమాన్ని విచారించే ఇంటి తనిఖీ ఉంటే చాలు. ఆ తనిఖీ ఇప్పటికే ఉంది. గే జంటల గడపకు కూడా అది రావాలి, అంతే. దానికి కావలసిన సవరణ పార్లమెంటు చేతిలో ఉంది.